నయీంనగర్ రిపేర్ షాపు: ఐదు నక్షత్రాలూ ఆ బటన్‌కే

కాకతీయ యూనివర్సిటీ దగ్గర నాది చిన్న డీటీపీ సెంటర్. ప్రాజెక్టు రిపోర్టుల గిరాకీ మీదున్నప్పుడే సిస్టమ్ మొరాయించింది. ఒక్కోసారి స్క్రీన్ నల్లబడి, ముందు లైటు మిణుకుమిణుకుమనేది. కీబోర్డు తడితే పని ఎక్కడిదక్కడే ఉండేది. ఇంకోసారి మొత్తం ఆగిపోయేది. ఎదురుగా అమ్మాయి కూర్చుని ఉండగానే ఆమె రిపోర్టులో పదకొండు పేజీలు పోయాయి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మొదట చూపించిన చోట ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల కరెంటు అందించే డబ్బా, పోయిందన్నారు. 1,800 రూపాయలు పెట్టి మార్పించాను. మూడో రోజు మళ్లీ అదే తంతు.

అప్పుడు నయీంనగర్ సందులో, మేడమీద ఉన్న ఈ షాపుకు తెచ్చాను. ఇక్కడి తమ్ముడు సామాను జోలికి పోకుండా ముందు ఒకటే అడిగాడు: "అక్కా, ఆగినప్పుడల్లా ప్రింటర్ నడుస్తున్నదా?" నిజమే, రెండూ ఒకే టేబుల్ మీదున్నాయి. పక్క మూత విప్పి, ముందువైపు పవర్ బటన్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే రెండు సన్న వైర్లు పీకేశాడు. ఆ వైర్లు తగిలించి ఉన్న బోర్డు పిన్నులు రెండింటికీ స్క్రూడ్రైవర్ మొన ఒక్క క్షణం ఆనించాడు. సిస్టమ్ లేచింది. రెండు గంటలు అలాగే నడిపించాడు, ఒక్కసారీ ఆగలేదు.

"ఈ బటన్ కరెంటు స్విచ్ కాదక్కా, కాలింగ్ బెల్లు. నొక్కితే విండోస్‌కు కబురు పోతది. పండుకోవాల్నా, బంద్ కావాల్నా అన్నది అది చూసుకుంటది. నాలుగు సెకన్లు దాటి నొక్కి పడితే మాత్రం బోర్డు విండోస్‌ను అడగదు, కరెంటు తీసేస్తది."

నా రెండు బాధలకూ కారణం ఒక్కటేనని అప్పుడు అర్థమైంది. కాగితం దుమ్ము చేరి బటన్ లోపలే పట్టుకుంటోంది. ప్రింటర్ అదురుకు కాసేపు తగిలితే నిద్ర, ఎక్కువసేపు తగిలితే చావు. నేను పని నేర్చుకున్న పాత కంప్యూటర్లలో టక్కుమనే స్విచ్ కరెంటునే కోసేది. "ఇప్పుడు ఆపుకోవచ్చు" అని విండోస్ 95 తెర మీద చెప్పేదాకా ఆగేవాళ్లం. అదే అలవాటుతో ఇన్నేళ్లూ ఈ బటన్‌నూ అలాంటిదే అనుకున్నాను.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, బటన్ నొక్కితే ఏమీ చేయొద్దని పెట్టాడు. అలా పెట్టినా నాలుగు సెకన్ల సంగతి మారదనీ, బటన్ మార్చాల్సిందేననీ చెప్పాడు. బటన్ 60, కూలి 150. పాతది నా చేతిలో పెట్టాడు. నొక్కి చూస్తే ఇప్పటికీ లోపలికి పోయి నెమ్మదిగా బయటికొస్తోంది.

బిల్లు అడిగితేనే ఇచ్చాడు, అదొక్కటి మార్చుకోవాలి. వెళ్లేవాళ్లు సీపీయూ ఒక్కటి తీసుకెళ్తే చాలు. మెట్లు ఇరుకు, మోయడానికి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.