ఇంపీరియల్ డ్యామ్ ఎడారిలో చలికాలం: కొన్ని సీజన్లు ఉన్నాక

అమెరికా, కెనడాల నుంచి రిటైరైనవాళ్లు చలికాలానికి చేరే చోట్లలో యూమా చుట్టుపక్కల ప్రాంతం ఒకటి. అరిజోనా, కాలిఫోర్నియా, మెక్సికో మూడూ అక్కడే కలుస్తాయి. ఊళ్లో క్లబ్‌హౌస్, ఈతకొలను ఉన్న ఆర్వీ (ఇల్లులా వాడే బండి) పార్కులు బోలెడు. ఈ సమీక్ష వాటి గురించి కాదు. ఊరికి ఉత్తరాన, కొలరాడో నదికి కాలిఫోర్నియా వైపున ఉన్న ఇంపీరియల్ డ్యామ్ ఎల్‌టీవీఏ (నెలల తరబడి బండిలో ఉండనిచ్చే చోటు) గురించి. కేంద్ర భూ నిర్వహణ శాఖ (బీఎల్ఎం) నడిపే బహిరంగ ఎడారి ఇది. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చెల్లే పర్మిట్ చాలా ఏళ్లపాటు 180 డాలర్లే. ఇప్పటి ధర కొనే ముందు చూసుకోండి. అదే పర్మిట్‌తో అరిజోనాలో క్వార్ట్జ్‌సైట్ దగ్గరున్న ఇలాంటిదే మరో చోటు, లా పోసాకూ మారవచ్చు.

ఆ డబ్బుకు వచ్చేది నేల, నీళ్ల కుళాయి, చెత్త డబ్బాలు, బండి మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్. కరెంటు లేదు. చవక అని వచ్చి నెల తిరక్కుండా వెళ్లిపోయేవాళ్లలో ఎక్కువమందిని ఓడించేది బ్యాటరీ. రెండు 6 వోల్టుల గోల్ఫ్‌కార్ట్ బ్యాటరీలను వరుసగా కలిపితే సుమారు 220 ఆంపియర్-గంటలు వస్తాయి. లెడ్ యాసిడ్ రకం కాబట్టి అందులో సగమే వాడాలి. జనవరిలో పగలు 21 డిగ్రీలు ఉన్నా రాత్రి 8కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. హీటరు ప్రొపేన్‌తో వెలిగినా దాని ఫ్యాన్ 7 ఆంపియర్ల దాకా లాగుతుంది. రాత్రంతా కలిపి ఆరు గంటలు తిరిగితే 42 ఆంపియర్-గంటలు అయిపోయినట్టే. దానికి తోడు నిద్రలో శ్వాస ఆగకుండా వాడే సీప్యాప్ యంత్రం, అందులో నీళ్లు వేడిచేసే భాగం. తెల్లారేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. ఆ వేడి భాగం ఆపి, ఇన్వర్టర్ లేకుండా 12 వోల్టుల అడాప్టర్‌తో నడిపితే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. కరెంటు అక్కర్లేకుండా ప్రొపేన్‌తోనే నడిచే క్యాటలిటిక్ హీటరు మంచిదే, కానీ కిటికీ రెండు వేళ్లంత తెరిచి ఉంచాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. డిసెంబర్‌లో సూర్యుడు కిందుగా తిరుగుతాడు. పైకప్పు మీద పడుకోబెట్టిన 400 వాట్ల సౌర ప్యానెళ్లతో రోజుకు 100 ఆంపియర్-గంటలు దాటడం కష్టం. దక్షిణానికి వంచితేనే లాభం. జనరేటర్ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా వేయకూడదు.

నీళ్లు రెండో లెక్క. పొదుపుగా వాడితే 40 గ్యాలన్లు ఇద్దరికి వారం వస్తాయి. 6 గ్యాలన్ల డబ్బా 23 కిలోలు తూగుతుంది, డెబ్బై దాటిన నడుముకు అది మంచిది కాదు. పికప్‌లో రబ్బరు సంచి, చిన్న 12 వోల్టుల పంపు పెట్టుకోవడమే మేలు. మరుగుదొడ్డి ట్యాంకు నిండేదాకా దాని వాల్వు మూసే ఉంచాలి. నీళ్లు విడిగా పోయి గట్టిది అడుగున పేరుకుందంటే, దాన్ని కదిలించడం మహా కష్టం. సబ్బు నీళ్లయినా సరే నేల మీద వదలకూడదు. గుడారం మేకులు ఈ రాతినేలలో దిగవు, పొడవాటి లాగ్ బోల్టులను ఇంపాక్ట్ డ్రైవర్‌తో బిగిస్తారు. రాత్రిపూట కారు బానెట్ ఎత్తి ఉంచకపోతే ఎడారి ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.

ఇన్ని తిప్పలున్నా మళ్లీ మళ్లీ వచ్చేలా చేసేది ఇక్కడి దినచర్య. పొద్దున నడక, రంగురాళ్ల వేట, మధ్యాహ్నం పేకాట లేదా గిటారు బృందం, నాలుగింటికి ఎవరి కుర్చీ వాళ్లు మోసుకుని కబుర్ల గుంపుకు. తలా ఒకటి వండి తెచ్చే పాట్‌లక్ విందుకు వంటకంతో పాటు కంచం, చెంచా, కుర్చీ కూడా మీవే. శాకాహారులకు అక్కడ దొరికేది సలాడు, మొక్కజొన్న, ఉడికించిన చిక్కుడు గింజలు. ఆ గింజల్లో పంది మాంసం ఉందేమో అడగాలి. పులిహోర తీసుకెళ్తే ముందు ఖాళీ అయ్యేది ఆ గిన్నే, అయితే వేరుశనగలు ఉన్నాయని చీటీ పెట్టండి, అలర్జీ ఉన్నవాళ్లు ఉంటారు. పక్కనే సైన్యపు యూమా ప్రూవింగ్ గ్రౌండ్ ఉంది, ఫిరంగుల మోత వినిపిస్తుంటుంది. నిద్ర పలచనైనవాళ్లకు ఈ చోటు వద్దు.

గడియారం పెద్ద తలనొప్పి. చలికాలంలో కాలిఫోర్నియా అరిజోనాకు గంట వెనక. ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. యూమాలో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే అరిజోనా టైముకు పెట్టిన చేతి గడియారాన్నే నమ్ముకోండి.

సరిహద్దు అవతల లాస్ అల్గొడోనెస్, ఊరంతా పంటి డాక్టర్లే. మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) పళ్లకు మామూలుగా ఇవ్వదు కాబట్టి జనం అక్కడికి నడుస్తారు. కారు అమెరికా వైపున్న ఆండ్రేడ్ దగ్గర పార్కింగులో పెట్టి, నడిచి దాటడం తేలిక. సరిహద్దు గేటు పొద్దున 6 నుంచి రాత్రి 10 వరకే. వెళ్లడం నిమిషాల పని. తిరుగు వరుస మాత్రం జనవరి, ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో గంట, రెండు గంటలు పడుతుంది, ఎండలో నిలబడాలి. పొద్దున్నే వెళ్లి పది లోపు వెనక్కి రావాలి. ఇంప్లాంట్ కావాలంటే నవంబర్‌లోనే మొదలెట్టండి. దవడలో దించే మేకు ఎముకతో కలవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది; ఫిబ్రవరిలో పెట్టించుకుంటే మేకు మీద తొడిగే పన్ను మరుసటి సీజన్‌కే. మేకు కంపెనీ, కొలత రాసిచ్చిన కాగితం లేకుండా కుర్చీ దిగకండి, లేకపోతే మీ ఊళ్లో ఏ డెంటిస్టూ దాన్ని ముట్టుకోడు. యాంటీబయాటిక్స్‌కు మెక్సికోలోనూ డాక్టర్ చీటీ కావాలి. పండ్లు, మాంసం ఉంటే గేటు దగ్గర చెప్పేయాలి.

పిల్లల దగ్గరుంటూ ఇటు వచ్చే మన పెద్దవాళ్లకు ఒక మాట. భారత పాస్‌పోర్టుతో పాటు గ్రీన్‌కార్డు గానీ చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డు మాత్రం జేబులోనే ఉండాలి, ఫోటో చూపిస్తే కుదరదు. ఒక్కసారే ప్రవేశానికి ఇచ్చిన విజిటర్ వీసా అయితే లాయర్‌ను అడగకుండా గేటు దాటకండి.

ఏప్రిల్ 15 దాకా ఆగడం తెలివి కాదు. మార్చి చివరికే పగటి ఎండ 30 డిగ్రీల దాకా వెళ్తుంది, ప్రొపేన్ ఫ్రిజ్ సరిగా చల్లబడదు, చివరి వారం డంప్ స్టేషన్ దగ్గర బారులు. బయలుదేరే ముందురోజు పొద్దున్నే ట్యాంకులు ఖాళీ చేసి, మరుగుదొడ్డి ట్యాంకులో పది గ్యాలన్ల మంచినీళ్లు పోసి దారిలో కుదుపులకు కడగనివ్వండి. వాటిని మరుసటి మజిలీలోని డంప్ స్టేషన్‌లో వదిలేయవచ్చు.