నేలపట్టులో రెండు ఉదయాలు, పులికాట్‌లో ఒక పగలు

డిసెంబరు చివరివారంలో మేమిద్దరం నాలుగు రోజులు సెలవు పెట్టి పక్షులను చూడడానికి నేలపట్టు, పులికాట్ సరస్సు ప్రాంతాలకు బయలుదేరినప్పుడు ఒక్కో చోటికి ఒక్కో పూట చాలుననుకున్నాము. రెండో రోజుకే ఆ లెక్క మార్చుకొని నేలపట్టుకు మరో ఉదయం కేటాయించాము. ఈ ప్రయాణంలో మేము తీసుకున్న మంచి నిర్ణయం అదే.

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే నీళ్లలో నిలిచివుండే కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. మొదటి రోజు మేము చేరేసరికి తొమ్మిది దాటింది. కావలి గోపురం ఎక్కి చూస్తే చాలా గూళ్ల దగ్గర ఒక్కో పెద్దపక్షి మాత్రమే కనిపించింది, మిగిలినవి ఎండ వేడికి పైకి లేచే గాలిని ఆసరా చేసుకొని రెక్క ఆడించకుండా వలయాలు తిరుగుతూ మేతకు పులికాట్ వైపు సాగిపోతున్నాయి. ఇంత బరువైన పక్షి నేల వేడెక్కేదాకా దూరప్రయాణానికి తొందరపడదని, కాబట్టి గూళ్ల సందడి చూడాలంటే తెల్లవారేసరికే గట్టు మీద ఉండాలని అక్కడి కాపలా ఉద్యోగి ఓపికగా వివరించాడు.

ఆయన చెప్పినట్లే మూడో రోజు చీకటితోనే వెళ్లాము. మంచు ఇంకా విడవలేదు. పక్షులు కనిపించకముందే పిల్లల అరుపులు వినిపించాయి. పెద్ద గూడబాతులు దాదాపు మౌనంగా ఉంటాయి, గోల అంతా పిల్లలదే. వెలుతురు వచ్చాక ఒక పిల్ల తల్లి గొంతుసంచిలోకి మెడదాకా తల దూర్చి మేత అందుకోవడం బైనాక్యులర్స్‌లో స్పష్టంగా కనిపించింది. రాత్రంతా వేటాడిన రాత్రి కొంగలు అప్పుడే తిరిగివచ్చి కొమ్మల్లో సర్దుకుంటుంటే, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు మేతకు బయలుదేరుతున్నాయి. ఒకే చెట్టు మీద ఒకరి పగలు ముగుస్తూ మరొకరి పగలు మొదలవడాన్ని గంటన్నర కదలకుండా చూశాము. తాగునీరు, తినడానికేదైనా వెంట తీసుకువెళ్లడం మేలు. బైనాక్యులర్స్ మాత్రం తప్పనిసరి.

ఆ ఉదయం మాకు దక్కడానికి విడిది మార్చడమే కారణం. మొదటి రాత్రి సూళ్లూరుపేటలో ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు, రైల్వేస్టేషను దగ్గర. అయితే వేకువనే వెళ్తామని ముందురోజే చెప్పినా గేటు తాళం తీసేవారు లేక చాలాసేపు నిలబడవలసివచ్చింది. పక్షుల కోసం వచ్చేవారికి ఇది చిన్న లోపం కాదు. తరువాతి రెండు రాత్రులు నాయుడుపేట వైపు ఒక మామిడితోటలోని విడిదిలో గడిపాము. అక్కడ గది సాదాసీదాది, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చి ఇచ్చేవారు, ఫోను సిగ్నలు వరండాలో తప్ప అందేది కాదు. అయినా నా ఓటు దీనికే. తోట యజమాని చెట్ల కింద రాలిన ఆకులను ఊడ్పించకుండా అలాగే వదిలేశారు. ఆ ఆకుల పొరలో పురుగులు ఉంటాయి, వాటి కోసం పొన్నంగి పిట్ట వస్తుంది. వేసవిలో, వానాకాలంలో ఉత్తర, మధ్య భారతాల అడవుల్లో గూడు కట్టుకొని చలికాలానికి దక్షిణాదికి దిగే ఈ పిట్టను చూడాలని నేను చాలా ఏళ్లుగా కోరుకుంటున్నాను. సాయంత్రం మునిమాపు వేళ రెండు స్వరాల ఈల వినిపించింది. మరునాడు వరండాలో కూర్చొనివుండగానే ఆకుపచ్చ వీపు, పొట్ట కింద ఎర్రని మరక, కంటి మీదుగా నల్లని పట్టె ఉన్న ఆ చిన్న పక్షి ఎండుటాకులను ముక్కుతో తిరగేస్తూ పది అడుగుల దూరం దాకా వచ్చింది. ఊపిరి బిగబట్టి చూశాను.

పులికాట్ అనుభవం వేరు. చిలికా తరువాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ తూర్పుకు సాగుతుంది కాబట్టి కారు దిగకుండానే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలివుంటాడు. అందువల్ల రోడ్డుకు దక్షిణాన ఉన్న పక్షులు నల్లని నీడల్లా కనిపిస్తే, ఉత్తరాన ఉన్నవాటి గులాబీ రంగు, ఇంకా రంగు పట్టని పిల్లల బూడిదవన్నె విడివిడిగా తెలుస్తాయి. ముక్కును తలకిందులు చేసి బురదనీటిని వడకట్టుకుంటూ అవి వరుసగా నడవడం చూడడానికి మధ్యాహ్నం దాకా ఆగాము. మమ్మల్ని బాధించినది ఒక్కటే: గుంపు ఎగిరితే ఫోటో బాగుంటుందని కొందరు చప్పట్లు కొట్టి, హారను మోగించి వాటిని లేపారు. మేతవేళ అనవసరంగా ఎగిరిన ప్రతిసారీ పక్షి తిన్న శక్తిలో కొంత వృథా అవుతుంది. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగితే ఆ రోజుల్లో ఏర్పాట్లు, సమాచారం బాగుండవచ్చు గానీ, నిశ్శబ్దం కోరేవారు ఆ తేదీలను తప్పించుకోవడం మంచిది.

కొల్లేరు ఒడ్డున కైకలూరు దగ్గరి అటపాకకు కిందటి చలికాలంలో వెళ్లాము. అక్కడ గూడబాతులు అటవీశాఖ నాటించిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కడతాయి. చెట్ల మీది గూళ్లంత అందం వాటికి లేకపోయినా, పక్షులు మాత్రం వాటిని సొంతం చేసుకున్నాయి. ఎక్కువ నడవలేని పెద్దలు వెంట ఉంటే నేలపట్టు కంటే అటపాకే నయం. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకు ఒక సాయంత్రం సరిపోతుంది, పక్షులు గూటికి చేరే వేళకు వెళ్తే చాలు.

తోట విడిదిలోనే జనవరి చివరికి మరో రెండు రాత్రులు అడిగి ఉంచాము. నేలపట్టు పిల్లలు అప్పటికి రెక్కలు సాచి కొమ్మల మీద ఎగరడం నేర్చుకుంటూ ఉండాలి.