ఈగల్‌నెస్ట్ బర్డింగ్ ట్రిప్: గైడ్‌కి ఐదు స్టార్లు, ఏజెన్సీకి రెండే

అరుణాచల్ ప్రదేశ్‌లో ఈగల్‌నెస్ట్ అడవికి పక్షులు చూడ్డానికి ఏప్రిల్ చివర్లో వెళ్ళొచ్చాం. నా మార్కులు ముందే చెప్పేస్తా. క్యాంపు నడిపే స్థానికులకి, మా గైడ్‌కి ఐదుకి ఐదు. మాకు ప్యాకేజీ అమ్మిన ఏజెన్సీకి రెండు, అవి కూడా గువాహటి ఎయిర్‌పోర్టుకి బండి టైముకి పంపించినందుకు. ఏజెన్సీ పేరు రాయను. క్యాంపులో కలిసిన మిగతా బ్యాచ్‌ల వాళ్ళు కూడా ఎవరి ఏజెన్సీని వాళ్ళు అవే తిట్లు తిడుతున్నారు, కాబట్టి ఒక్కళ్ళ పేరు రాస్తే మిగతావాళ్ళు మంచివాళ్ళనుకుంటారు.

కొత్తగా వినేవాళ్ళకి: ఇది వెస్ట్ కామెంగ్ జిల్లాలో ఉన్న 217 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. 1950లలో ఇక్కడున్న ఆర్మీ రెడ్ ఈగల్ డివిజన్ వల్ల ఆ పేరొచ్చింది, గద్ద గూళ్ళకేం సంబంధం లేదు. కింద అయిదొందల మీటర్ల దగ్గర మొదలై పైన మూడు వేల మీటర్లు దాటిపోతుంది అడవి, ఆ మొత్తం ఎత్తునీ కలుపుతూ ఎప్పటిదో ఒక మట్టి రోడ్డు కొండ మీంచి అస్సాం వైపు దిగుతుంది. అసలు మజా అంతా ఆ రోడ్డే. పొద్దున మంచులో ఓక్ చెట్ల కింద స్వెట్టర్ వేసుకుని నడక మొదలుపెడితే, రోజులు గడిచేకొద్దీ వెదురు పొదలు, ఆ తర్వాత చెమటలు కక్కించే దట్టమైన అడవి, ప్రతి కొన్ని వందల మీటర్లకీ పక్షులు మారిపోతుంటాయి. నిన్న కనిపించినది ఇవాళ కనపడదు, ఇవాళ్టిది రేపు కనపడదు. సామాను జీపులో వెళ్తుంది, మనం నడుస్తాం, రాత్రికి లామా క్యాంప్, తర్వాత బోంపు, తర్వాత సెస్నీ.

మా ఏజెన్సీ "ట్రెక్" అని అమ్మి అక్కడికెళ్ళాక జీపెక్కించి, మంచి స్పాట్ల దగ్గర దింపి మళ్ళీ ఎక్కించే ప్లాన్ వేసింది. ఎందుకయ్యా అంటే "సార్, ఎక్కువ స్పీషీస్ కవర్ అవుతాయి" అన్నాడు ఏజెన్సీ మనిషి. మా గైడ్ (సింగ్‌చుంగ్ దగ్గర ఊరి కుర్రాడు, బుగున్ తెగవాడు, మాతో హిందీలోనే మాట్లాడేవాడు) ఆ ప్లాన్ కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంక మళ్ళీ బయటికి తియ్యలేదు. అక్కణ్ణుంచి ట్రిప్ బాగుపడింది.

రూటు: గువాహటి, తేజ్‌పూర్, భాలుక్‌పోంగ్, టెంగా. ఒక పూర్తి రోజు బండిలోనే పోతుంది, నడుం సంగతి చూసుకోండి. భాలుక్‌పోంగ్ చెక్‌గేట్ దగ్గర ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్ళు అరుణాచల్‌లోకి వెళ్ళడానికి కావాల్సిన అనుమతి) చూపించాలి. మా ప్యాకేజీలో పర్మిట్ కలిసే ఉందన్నారు, తీరా గేటు దగ్గర చూస్తే ఇద్దరి పేర్ల మీద అసలు అప్లయ్ చెయ్యనే లేదు, సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్లలో ఫారాలు నింపుకుంటూ కూర్చున్నాం, టెన్షన్ మామూలుగా లేదు. ఆన్‌లైన్లో మీ పర్మిట్ మీరే తీసుకోండి, పెద్ద కష్టం కాదు. టెంగా దాటాక రామలింగం అనే ఊరొస్తుంది, బోర్డు చూసి మనవాళ్ళ హోటలేమైనా ఉంటుందని ఆశపడొద్దు, లేదు.

లామా క్యాంప్ 2300 మీటర్ల పైన. జనం ఇంత దూరం వచ్చేది ముఖ్యంగా బుగున్ లియోసిక్లా అనే పిట్ట కోసం. దీన్ని మొదట చూసింది రమణ ఆత్రేయ అనే ఖగోళ శాస్త్రవేత్త. 1995లో ఒకసారి కనపడి మాయమైంది, మళ్ళీ 2005లో కనపడింది, 2006లో కొత్త జాతి అని ప్రకటించారు. మామూలుగా కొత్త పక్షి దొరికితే ఒకదాన్ని చంపి మ్యూజియంలో పెడతారు. ఉన్నవే అతి తక్కువ కాబట్టి ఆయన ఆ పని చెయ్యలేదు. వలలో పడినదాన్ని కొలిచి, ఫొటోలు తీసి, రాలిన ఈకలు ఉంచుకుని వదిలేశారు. పేరు కూడా అడవి ఎవరిదో వాళ్ళదే పెట్టారు. 2017లో సింగ్‌చుంగ్ బుగున్లు తమ అడవిలో 17 చదరపు కిలోమీటర్లు కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటింపజేసుకున్నారు, ఇప్పుడు కాపలా కాసేదీ ఆ ఊరి కుర్రాళ్ళే.

మా గైడ్ స్పీకర్ వాడడు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే చాలాచోట్ల గైడ్లు రికార్డు చేసిన కూత పెడితే ఇంకో మగపక్షి తన ఇలాకాలోకి వచ్చిందనుకుని పిట్ట పరిగెత్తుకొస్తుంది, మనకి ఫొటో దొరుకుతుంది, దానికి గూడు కట్టుకునే టైములో తిండీ ఓపికా దండగ. ప్రపంచంలోనే ఇంత తక్కువ మిగిలిన పక్షికి రోజూ ఎవడో ఒకడు వచ్చి అలా చేస్తే ఏమవుతుంది? మా వెనకే వచ్చిన ఒక బ్యాచ్ చేతిలో బారెడు లెన్సులు, బ్లూటూత్ స్పీకర్ ఉన్నాయి. మావాడు గొంతు పెంచకుండానే వెళ్ళి వాళ్ళ ముందు రోడ్డు మీద కూర్చున్నాడు. "ఇది మా ఊరి అడవి, ఇక్కడ అది మోగదు" అన్నాడు, అంతే. వాళ్ళలో పెద్దాయన కాసేపు గొణిగి స్పీకర్ బ్యాగులో పెట్టేశాడు. లియోసిక్లా మాకు ఆ రోజు కనపడలేదు. మర్నాడు పొద్దున చినుకుల్లో, రోడ్డు కింద పొదల్లో జంటగా వచ్చింది. నల్లటి టోపీ, కళ్ళ ముందు నారింజ పసుపు మచ్చ, రెక్క మీద ఎర్రటి చార, అర నిమిషం కూడా ఉండలేదు. నాకు ఫొటో లేదు, మా బ్యాచ్‌లో ఒకరికి తోక దొరికింది.

బోంపు దారి నాకు ఇంకా నచ్చింది. ఎర్రటి వార్డ్స్ ట్రోగన్ కొమ్మ మీద కదలకుండా కూర్చుని మమ్మల్ని చూస్తూనే ఉంది, మేం కాఫీ తాగేసి వచ్చినా అక్కడే ఉంది. సెస్నీ వైపు దిగాక రూఫస్ నెక్డ్ హార్న్‌బిల్ తల మీదుగా వెళ్తే రెక్కల చప్పుడు ముందొస్తుంది, పక్షి తర్వాతొస్తుంది. బ్యూటిఫుల్ నటాచ్ అనే పిట్ట కోసం మెడ నొప్పెట్టేదాకా చూశాం, గైడ్‌కి కనిపించింది, నాకు ఆకు కదిలినట్టనిపించింది, లిస్టులో మాత్రం రాసుకోలేదు.

ఏనుగుల సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఇంత ఎత్తుకి కూడా ఎక్కుతాయి, అవి నడిచేదీ ఈ రోడ్డు మీదే. తాజా పేడ కనిపిస్తే గైడ్ చెయ్యి చూపించి అందర్నీ ఆపేస్తాడు, ఒక్కోసారి గంట కూడా కదలనివ్వడు. ఆ టైములో "పక్షులు మిస్సవుతున్నాం" అని వాదించే మనిషి ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు, మీరు అతను కాకండి.

వసతి అంటే టెంట్లే. పరుపు, దుప్పట్లు ఇస్తారు, వేడినీళ్ళు కట్టెల మీద కాచి బకెట్‌తో తెస్తారు, బాత్‌రూమ్ కాస్త దూరంలో ఉంటుంది, రాత్రి చలిలో వెళ్ళాలంటే మనసు రాదు. తిండి అన్నం, పప్పు, రాజ్మా, ఆలూ, అప్పుడప్పుడు గుడ్డు, కోడి. రుచిగా, వేడిగా ఉంటుంది కానీ కారం మన లెక్కలో సున్నా, కందిపొడి ప్యాకెట్ తీసుకెళ్ళిన మా మిత్రుడు మూడో పూట నుంచి హీరో అయిపోయాడు, వంటవాడు కూడా వచ్చి అడిగి తిన్నాడు. తెల్లారేది నాలుగున్నరకి, కాబట్టి నాలుగింటికే టీ ఇస్తారు, సాయంత్రం ఎనిమిదికి అందరూ నిద్రలో ఉంటారు. జలగలు వానపడితే విపరీతం, లీచ్ సాక్స్ తప్పనిసరి. కింద ఎత్తుల్లో డిమ్‌డామ్ అనే చిన్న ఈగలు కుడతాయి, అప్పుడేం తెలీదు, చిన్న రక్తపు చుక్క మిగులుతుంది, దురద ఇంటికొచ్చాక కూడా ఉంటుంది. ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి.

ఏజెన్సీ మీద మిగతా ఫిర్యాదులు: గైడ్‌కి ఆరుగురు అని చెప్పి పదకొండు మందిని పెట్టారు. ఇరుకు రోడ్డు మీద పదకొండు మంది వరసగా నిలబడితే వెనకున్నవాళ్ళకి ముందువాళ్ళ టోపీలు తప్ప ఏ జాతీ కనపడదు. బైనాక్యులర్స్ ఇస్తామన్నారు, అందరికీ కలిపి ఒకటి ఇచ్చారు, అందులో ఒక కన్ను మసక. "గ్యారంటీడ్ సైటింగ్" అని వాట్సాప్‌లో రాశారు, అడవిలో గ్యారంటీ ఏంటండీ? క్యాంపువాళ్ళని మెల్లగా అడిగితే తెలిసింది, మేం కట్టినదాంట్లో దాదాపు సగమే వాళ్ళదాకా వచ్చింది. నాకు అన్నిటికంటే మండింది ఇదే. అడవిని కాపలా కాసేది ఒకళ్ళు, డబ్బు మిగిలేది హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఎక్సెల్ షీట్ చేసినవాడికి.

మన దగ్గర కూడా ఇలా ఊరివాళ్ళే కాపలా కాసే అడవి ఒకటి ఉండాలని తిరిగొచ్చేటప్పుడు మాట్లాడుకున్నాం. కడప లంకమల అడవుల్లో కలివి కోడి అనే అరుదైన పక్షి 1900 తర్వాత అంతరించిపోయిందనుకుంటే 1986లో మళ్ళీ దొరికింది, అది కూడా ఆ చుట్టుపక్కల వాళ్ళ సాయంతోనే. అది రాత్రి తిరిగే పక్షి, దాని వెంట టార్చిలైట్లతో టూరిస్టుల్ని పంపమని నేననను. కానీ అక్కడి ఊరివాళ్ళకే కాపలా పని, జీతం, పేరు దక్కితే చాలు, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు తర్వాత సంగతి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: మోకాళ్ళు బాగుంటే అరవై దాటినవాళ్ళు కూడా నడవగలరు, ఎక్కువగా దిగుడే, మా బ్యాచ్‌లో ఒకావిడ అందరికంటే ముందుండేవారు. చిన్నపిల్లలతో వద్దు. ఫొటో కోసమే వెళ్ళేవాళ్ళకి నిరాశ తప్పదు, చెట్లు దట్టం, వెలుతురు తక్కువ. నెట్‌వర్క్ లేదు, క్యాష్ టెంగాలోపే తీసుకోండి. ఏప్రిల్, మే నెలలకి టెంట్లు చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి శీతాకాలంలోనే క్యాంపువాళ్ళకి నేరుగా ఫోన్ చేసి, గైడ్‌కి ఆరుగురికి మించొద్దని, స్పీకర్ వద్దని, జీపు సామానుకే అని అప్పుడే మాట్లాడుకోండి.