పదహారో ఫైలుకి మాయమయ్యే మెనూ, నన్ను ఆదుకున్న ‘సెండ్ టు’

రైట్ క్లిక్ మెనూలో మన సొంత ఐటమ్ పెట్టుకోవడం ఎలా అని ఎవరిని అడిగినా ముందు రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) దగ్గరికే తీసుకెళ్తారు. నేను చాలాకాలం అదే వాడాను, తెలిసినవాళ్లందరికీ అదే చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మొదట చూపించేది మాత్రం, ఎంచుకున్న ఫైళ్లని వేరే చోటికో ప్రోగ్రామ్‌కో పంపే ‘సెండ్ టు’. విండోస్ 95 నుంచీ మెనూలో కూర్చుని ఉన్నా, చాలామంది దాని జోలికే వెళ్లరు.

నాకు స్కాన్ చేసిన పేజీలతో పని. స్కానర్ ఇచ్చే బొమ్మలు బాగా పెద్దవి, వాటిని చిన్నవి చేసి వేరే ఫోల్డర్‌లో పెట్టాలి. బొమ్మలని మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ ఆ పని ఇట్టే చేసేస్తుంది కానీ ప్రతిసారీ కమాండ్ టైప్ చేయడం విసుగు. అందుకని రిజిస్ట్రీలో ‘షెల్’ కింద ఒక కీ, దాని కింద ‘కమాండ్’ అనే కీ, అందులో నా బ్యాచ్ ఫైల్ (ఆ కమాండ్లు రాసిపెట్టుకున్న ఫైల్) ఉన్న చోటు, చివర కొటేషన్లలో %1 (క్లిక్ చేసిన ఫైల్ పేరు వచ్చే చోటు) పెట్టుకున్నాను. బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ‘సైజు తగ్గించు’ అని తెలుగులోనే కనిపించేది. పక్కన ఐకాన్ పెట్టుకోవచ్చు. ‘ఎక్స్‌టెండెడ్’ అనే ఖాళీ విలువ చేరిస్తే, షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేసినప్పుడే ఆ ఐటమ్ కనిపిస్తుంది, మిగతా సమయంలో మెనూ శుభ్రంగా ఉంటుంది. ఇవన్నీ నాకు ఇప్పటికీ ఇష్టమే.

చిక్కల్లా ఒక లావుపాటి పుస్తకం స్కాన్ చేసినప్పుడు వచ్చింది. ఫోల్డర్ తెరిచి, కంట్రోల్ ఏ నొక్కి, రైట్ క్లిక్ చేస్తే ‘సైజు తగ్గించు’ లేదు! ఒక్క ఫైల్ మీద చేస్తే ఉంది. మళ్లీ అన్నీ సెలెక్ట్ చేస్తే లేదు. రిజిస్ట్రీలో చూస్తే కీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. యాంటీవైరస్ ఏమైనా అడ్డుపడుతోందేమో చూశాను, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను, మార్పు లేదు. ఆ సాయంత్రానికి పేజీలు పంపాలన్న టెన్షన్ ఒకటి. చివరికి ఒక్కో ఫైల్ కలుపుకుంటూ వెళ్తే అసలు సంగతి బయటపడింది. 15 ఫైళ్ల దాకా ఐటమ్ ఉంటోంది, 16వది కలపగానే పోతోంది. నాదే కాదు, ‘ఓపెన్’, ‘ప్రింట్’, ‘ఎడిట్’ కూడా దాంతోపాటే వెళ్లిపోతున్నాయి.

దీనికి కారణం తెలిశాక కోపం కొంత తగ్గింది. ఇలా రిజిస్ట్రీలో పెట్టిన కమాండ్‌ని విండోస్ ఒక్కో ఫైలుకి ఒక్కోసారి విడిగా నడుపుతుంది. పొరపాటున వందల ఫైళ్లు సెలెక్ట్ చేసి ఎంటర్ కొడితే వందల విండోలు తెరుచుకుని కంప్యూటర్ కదలకుండా పోతుంది. అలా జరగకూడదనే ఆ హద్దు. దాన్ని పెంచడానికి దారులున్నాయి. మన కీలో ‘మల్టీసెలెక్ట్‌మోడల్’ అనే విలువ చేర్చి ‘ప్లేయర్’ అని రాస్తే 100 ఫైళ్ల దాకా ఐటమ్ కనిపిస్తుంది. ‘మల్టిపుల్ఇన్వోక్‌ప్రాంప్ట్‌మినిమమ్’ అనే విలువతో అసలు హద్దునే మార్చవచ్చు. మార్చి చూశాను కూడా. ఐటమ్ తిరిగొచ్చింది. కానీ నొక్కగానే నల్ల విండోలు ఒకదాని మీద ఒకటి లేచాయి, ఫ్యాన్ హోరెత్తింది, మౌస్ కదలడమే కష్టమైంది. హద్దు పెరిగినా ఫైలుకొక విండో అన్న పద్ధతి మారదు కదా.

ఇక ‘సెండ్ టు’ సంగతి. రన్ బాక్సులో షెల్, కోలన్, సెండ్‌టు మూడూ ఖాళీ లేకుండా ఇంగ్లీషులో (shell:sendto) టైప్ చేస్తే ఒక మామూలు ఫోల్డర్ తెరుచుకుంటుంది. అదే బ్యాచ్ ఫైలుకి షార్ట్‌కట్ చేసి అందులో వేశాను. రిజిస్ట్రీ లేదు, అడ్మిన్ అనుమతి లేదు, రీస్టార్ట్ లేదు. షార్ట్‌కట్‌కి పెట్టిన తెలుగు పేరే మెనూలో వచ్చింది, దానికి పెట్టిన ఐకానే వచ్చింది. 15 ఫైళ్ల హద్దు దీనికి వర్తించలేదు. అన్నిటికన్నా నన్ను సంతోషపెట్టింది, ఎంచుకున్న ఫైళ్లన్నిటి పేర్లనీ ఒకేసారి, ఒకే బ్యాచ్ ఫైలుకి అందించడం. విండో ఒక్కటే తెరుచుకుంటుంది, పేజీలు అందులోనే వరసగా పూర్తవుతాయి. పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయడం లాంటివి రిజిస్ట్రీ పద్ధతిలో కుదిరేవే కావు, ఎందుకంటే అక్కడ ఒక ఫైలుకి ఇంకో ఫైల్ సంగతి తెలియదు. ఆ పని మొదటిసారి మెనూలోంచి అయిపోయినప్పుడు, ఇన్నేళ్లు దీన్ని ఎందుకు ఎవరూ చెప్పలేదా అనిపించింది.

వాడుతూ పోతే కొన్ని ఇబ్బందులు తెలిశాయి. ఏ ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తామో అది వరసలో ముందుకొస్తుంది. పీడీఎఫ్ కలిపేటప్పుడు మొదటి పేజీ మీదే క్లిక్ చేయాలి, మధ్యలో చేస్తే పేజీలు తారుమారు. ఫైల్ పేరులో ఖాళీ లేకుండా & గుర్తు ఉంటే దానికి కొటేషన్లు పడవు, బ్యాచ్ ఫైల్ అక్కడే తడబడుతుంది. ఇక హద్దు లేదన్నాను గానీ, అదీ పూర్తిగా నిజం కాదు. ఫైళ్ల పేర్లన్నీ ఒకే లైనులో వెళ్తాయి, బ్యాచ్ ఫైల్‌ని నడిపే కమాండ్ ప్రాంప్ట్ ఒక లైనులో 8191 అక్షరాలే తీసుకుంటుంది. ఫోల్డర్ లోపల ఫోల్డర్, పొడుగు పేర్లు అయితే వంద ఫైళ్లకే అది నిండిపోతుంది. విండోస్ 11లో ఇంకో బాధ, ‘సెండ్ టు’ మొదటి మెనూలో ఉండదు, ‘షో మోర్ ఆప్షన్స్’ వెనక ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది కాబట్టి నాకు అలవాటైపోయింది, అందరికీ అవుతుందని చెప్పలేను. రిజిస్ట్రీలో పెట్టుకున్న ఐటమ్‌లు కూడా ఆ రెండో మెనూలోనే ఉంటాయి కనుక ఈ విషయంలో రెండూ సమానమే.

రోజూ ఒకటో రెండో ఫైళ్లతో పని ఉండి, ఆ ఐటమ్ కొన్ని రకాల ఫైళ్లకే కనిపించాలి అనుకునేవాళ్లకి రిజిస్ట్రీయే నయం. ‘సెండ్ టు’లో వేసింది ఏ ఫైల్ మీద క్లిక్ చేసినా కనిపిస్తుంది, పాటల మీద కూడా నా ‘సైజు తగ్గించు’ ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్‌లో రిజిస్ట్రీ ముట్టుకోనివ్వని వాళ్లకి, నాలాగా ఫైళ్లు గుట్టలుగా వచ్చిపడే వాళ్లకి ‘సెండ్ టు’ చూడమంటాను. మరీ పెద్ద పుస్తకాలకి ఇప్పుడు ఫైళ్లు ఎంచుకోవడం కూడా మానేసి ఫోల్డర్‌నే పంపుతున్నాను, లోపలి ఫైళ్ల పేర్లు బ్యాచ్ ఫైలే చదువుకుంటుంది. ఒక్క పేరే వెళ్తుంది కాబట్టి 8191 గొడవ లేదు. నిజానికి ఈ ఒక్క పనికి రిజిస్ట్రీలో ఫోల్డర్లకి పెట్టుకునే ఐటమ్ కూడా సరిపోతుంది.