రంగస్థలం లేకుండా వినవలసిన నాటకం: ‘హేడ్స్‌టౌన్’ ఆల్బం

అమెరికాలోని వెర్మాంట్‌లో 2006లో మొదలైన తన సంగీత నాటకాన్ని గాయని, గీత రచయిత్రి అనాయిస్ మిచెల్ 2010లో 20 పాటల ఆల్బంగా తెచ్చారు. గ్రీకు పురాణంలో పాము కాటుకు చనిపోయిన యూరిడిసీ ఈ కథలో ఆకలికి లొంగి, హేడిస్ ఏలే పాతాళ నగరానికి పనికి వెళుతుంది. ఆమెను వెనక్కి తెచ్చుకోవడానికి ఆమె ప్రియుడు, గాయకుడైన ఆర్ఫియస్ బయలుదేరుతాడు.

నాటకాన్ని చెవులతోనే చూడడం మనకు కొత్త కాదు. డి.వి. సుబ్బారావు గారి కాటిసీను పద్యాలను క్యాసెట్లలో విన్నవారికి హరిశ్చంద్రుని కథ ముందే తెలుసు కనుక, మనసంతా రాగం మీదే నిలిచేది. ఈ ఆల్బం కూడా శ్రోతకు కథ తెలుసనే నమ్మకంతో సాగుతుంది. తెలియనివారికి తొలి పాటల్లో ఎవరు ఎవరితో పాడుతున్నారో అంతుపట్టదు. ఇది చిన్న లోపం కాదు.

అయినా ‘వై వుయ్ బిల్డ్ ద వాల్’ అనే ఒక్క పాట కోసమైనా దీన్ని వినాలి. గోడ ఎందుకు కడుతున్నామని హేడిస్ అడుగుతాడు, స్వేచ్ఛ కోసమని కూలీలు బదులిస్తారు; ప్రశ్న మారిన కొద్దీ జవాబు పాత జవాబులన్నింటినీ మోసుకుంటూ పెరుగుతుంది. ‘విశాఖ ఉక్కు’ అని ఒకరు అంటే ‘ఆంధ్రుల హక్కు’ అని వందల గొంతులు అందుకునే ఊరేగింపులను చూసిన నగరం మనది. ఇక్కడా అదే పద్ధతి, కాని పిలుపు యజమానిది, పలుకు కూలీలది. తమను బంధించే గోడను తామే పొగిడే ఆ బృందగానం వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది.

హేడిస్‌గా గ్రెగ్ బ్రౌన్ మంద్రస్వరం, ఆర్ఫియస్‌గా పొరలు పొరలుగా వినిపించే జస్టిన్ వెర్నన్ సన్నని గొంతు పక్కపక్కన నిలిచినప్పుడు వేషాల అవసరమే కనిపించదు. హేడిస్ భార్య పెర్సెఫొనీగా అనీ డిఫ్రాంకో హుషారు బాగుంది, అంతకు మించి చెప్పడానికి లేదు. చివరన, యూరిడిసీ తన వెనకే వస్తోందా అని ఆర్ఫియస్‌ను అనుమానం ఆవరించే ఘట్టంలో వ్యాఖ్యాత ఎవరూ అడ్డురాకపోవడం మంచి నిర్ణయం.

2019లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకు చేరి, ఆ ఏటి ఉత్తమ సంగీత నాటకంగా టోనీ అవార్డు పొందిన రూపానికి వేరే రికార్డింగ్ ఉంది. కథ అందులో సులువుగా అర్థమవుతుంది, కాని నా ఓటు ఈ పాతదానికే. ఇయర్‌ఫోన్లతో ఇంట్లో వినండి. బీచ్ రోడ్డు హోరులో, ఫోన్ స్పీకర్‌లో బ్రౌన్ గొంతు సగానికి సగం పోతుంది.