బరువు సరే, నా వయసు చెప్పడానికి ఇదెవరు?

నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి కొన్న స్మార్ట్ వెయింగ్ మెషీన్ ఇది, బ్రాండ్ పేరు ఎందుకులెండి. నాకు 43 ఏళ్లు. ఎక్కగానే బరువు 84, బాడీ ఏజ్ 51 అంది. ఆ రోజు టిఫిన్ సహించలేదు.

బరువుకి వంక పెట్టలేను, 25 కిలోల బియ్యం బస్తా పెట్టి మరీ చూశా. గొడవంతా మిగతా అంకెలతోనే. పాదాల కింద నుంచి చిన్న కరెంటు పంపుతుంది, నీరెక్కువున్న కండలో అది తేలిగ్గా పారుతుంది, కొవ్వు అడ్డుపడుతుంది, ఆ అడ్డుకి మనం యాప్‌లో కొట్టిన ఎత్తూ వయసూ కలిపి లెక్క కడుతుంది. అనుమానమొచ్చి వయసు 30 అని మార్చి మళ్లీ ఎక్కా. బాడీ ఏజ్ 37! ఐదు నిమిషాల్లో పద్నాలుగేళ్లు తగ్గా, ఏ లేహ్యమూ చేయని పని. పైగా ఆ కరెంటు ఒక కాల్లో ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతుంది, పొట్ట వైపు పెద్దగా పోదు.

అసలు సమస్య ఉన్నది అక్కడేగా. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు, ఐఎల్-6 లాంటి, వాపు పుట్టించే రసాయనాలు రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. జ్వరం లేదు, నొప్పి లేదు, కానీ ఒళ్లంతా సన్నసెగ మీద పెట్టినట్టు ఇన్‌ఫ్లమేషన్, అంటే పైకి కనిపించని లోపలి వాపు. దాంతో రక్తంలోని చక్కెరని తీసుకోమనే ఇన్సులిన్ మాట కండ వినదు, కండ నారల మధ్యకీ కొవ్వు చేరి బలం తగ్గుతుంది. ముసలితనంలో వచ్చే మార్పులూ దాదాపు ఇవే, అందుకే ఊబకాయం వయసు పెంచుతుందనేది ఉత్తిమాట కాదు. కానీ ఈ మెషీన్ ఆ ఇన్‌ఫ్లమేషన్‌నీ కొలవదు, కండ బలాన్నీ కొలవదు. ఇన్‌ఫ్లమేషన్‌కి హెచ్ఎస్-సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఉంది, అదీ జలుబు చేసినా పెరుగుతుంది.

మా అమ్మకి 68, సన్నగా ఉంటుంది. మెషీన్ బాడీ ఏజ్ 60 ఇచ్చేసరికి మురిసిపోయింది. అదే అమ్మ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతుంది! చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోడానికి 12 సెకన్లు, ఆపైన పడితే కండ పనితీరు తగ్గినట్టని ఆసియా నిపుణుల లెక్క. కుర్చీ ఇంట్లోనే ఉంది. టైలర్ టేపూ ఉంది: నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మనవాళ్లకి ప్రమాదమే. నాది 98.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎక్కొద్దనే మాట మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో వేశారు, దానికే ఒక స్టార్ కోసేశా.

మొత్తం రెండు స్టార్లు. బరువు కోసమైతే మామూలు మెషీన్ చాలు. రిటర్న్ గడువు ఎప్పుడో దాటింది. యాప్ నా ఫోన్‌లోంచి తీసేశా, అమ్మ ఫోన్‌లో ఉంచా, రోజూ పొద్దున్నే ఎక్కి ఆ 60 చూసుకుంటుంది.