చినగంజాం గల్లుప్పు: ఏడాది వాడాక నా రివ్యూ

పోయిన ఏప్రిల్లో చీరాల నుంచి ఒంగోలు పోతా ఉంటే చినగంజాం దగ్గర రోడ్డు పక్కన పాకలో 10 కేజీల గల్లుప్పు మూట కొన్నాం, 150 రూపాయలు. రెండు ఆవకాయలు పెట్టి, మూట అడుగుకొచ్చాక రాస్తున్నా.

ముందు అక్కడి ఉప్పు మడుల గురించి చెప్పాలి. ఉప్పునీళ్ళని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి వదులుకుంటా పోతారు, ఎండకీ గాలికీ నీళ్ళు చిక్కబడే కొద్దీ ముందు సున్నం, జిప్సం లాంటివి అడుగున దిగిపోతాయి, ఆ తర్వాతే ఉప్పు గల్లు కడుతుంది. సముద్రపు నీళ్ళయితే లీటర్లో అన్ని లవణాలూ కలిపి 35 గ్రాములు, అందులో మనం తినే ఉప్పు 27 గ్రాముల దాకా, అంటే కేజీ ఉప్పుకి తక్కువలో తక్కువ 37 లీటర్లు ఎండాలి. పొడుగాటి కర్రకి పలక బిగించి ఉప్పుని గట్టు మీదకి లాగి కుప్పలు పోస్తారు, వాన తగలకుండా తాటాకులు కప్పుతారు. ఆ తెల్లటి నేల మీద మధ్యాహ్నం ఎండలో నేను పది నిమిషాలు నిలబడలేకపోయా, అక్కడ పనిచేసేవాళ్ళేమో పొద్దున్నుంచీ కాళ్ళు పగిలిపోయి అందులోనే ఉన్నారు. దయచేసి అక్కడ బేరమాడకండి.

"పాత ఉప్పు తీసుకోమ్మా, కొత్తది చేదొస్తది" అని పాకలో ఆవిడే చెప్పింది. నిజమే, కొత్తగా తీసిన ఉప్పుకి మెగ్నీషియం లవణాలున్న నీళ్ళు అంటుకుని ఉంటాయి, చేదూ చెమ్మా రెండూ దాని వల్లే, కుప్ప మీద నిల్వ ఉంటే అవి కారిపోతాయి. నాకిచ్చిన పాత ఉప్పు కొంచెం బూడిదరంగు, గల్లు గట్టిగా ఉంది, చేదు అస్సల్లేదు. నీళ్ళలో కరిగిస్తే గ్లాసు అడుగున ఇసుక మాత్రం చిటికెడు మిగిలింది, అందుకని చారుకీ పప్పుకీ కరిగించి, తేర్చి పోస్తున్నా.

ఆవకాయకి మాత్రం అద్భుతం. రెండ్రోజులు ఎండబెట్టి మిక్సీ పట్టి కలిపాం, ఊట బాగా దిగింది, ముక్క ఏడాదైనా మెత్తబడలేదు (ముక్క మంచిదవ్వడం కూడా కారణమే అనుకోండి). కానీ దంచకుండా గల్లు అలాగే కొలిస్తే సందులుంటాయి కదా, చెంచాకి తక్కువ ఉప్పు పడుతుంది, మొదటి వారం మా ఇంట్లో అన్నీ చప్పగానే అయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి. మూట మీద లేబుల్ లేదు, అయోడిన్ కలపలేదని ఆవిడే చెప్పింది. సముద్రం ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుందిలే అని మా పిన్ని వాదన, కానీ ఎండబెట్టిన ఉప్పులో మిగిలేది లెక్కలోకి రానంత తక్కువ. అయోడిన్ చాలకపోతే గొంతు దగ్గర వాపొస్తుంది, కడుపుతో ఉన్నవాళ్ళకి తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదల మీదే దెబ్బ పడుతుంది. అందుకే మన దేశంలో నేరుగా తినడానికి అమ్మే ఉప్పులో, కొట్లోకి వచ్చేసరికి కూడా కనీసం 15 పీపీఎం (అంటే కేజీకి 15 మిల్లీగ్రాములు) అయోడిన్ ఉండాలని రూలు పెట్టారు. కాబట్టి రోజూ కూరల్లోకి ఇదొక్కటే వాడొద్దు. గల్లుప్పే కావాలంటే అయోడిన్ కలిపిన గల్లుప్పు ప్యాకెట్లు దొరుకుతున్నాయి, మేమూ ఇప్పుడు అదే తెచ్చుకుంటున్నాం.

హైదరాబాద్‌లో ఒక ఆర్గానిక్ షాపులో ఇలాంటి ఉప్పే అందమైన సీసాలో పోసి ఎన్నో రెట్ల రేటుకి అమ్ముతున్నారు, బీపీ ఉన్నవాళ్ళు ఎంతైనా తినొచ్చని చెప్తున్నారు. అది విని నాకు చాలా కోపమొచ్చింది, మా నాన్నకి బీపీ. సీసాలోదైనా మూటలోదైనా ఇలాంటి ఉప్పు దాదాపు మొత్తం సోడియం క్లోరైడే, బీపీ పెంచేది అందులోని సోడియమే. నరాలు పనిచెయ్యడానికీ కండరాలు కదలడానికీ ఒంట్లో నీళ్ళు నిలవడానికీ సోడియం కావాల్సిందే, చెమటలో పోయేదాన్ని తిండిలోంచే తెచ్చుకోవాలి, ఒళ్ళు తయారు చేసుకోలేదు. కానీ పెద్దవాళ్ళకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే అంటుంది డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ), పచ్చళ్ళూ అప్పడాలూ తినే మన ఇళ్ళల్లో అది మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఆవకాయకైతే 5కి 5, రోజువారీ వంటకి 2. వానలు పడకముందే వెళ్ళండి, గోనెసంచి మీరే తీసుకెళ్ళండి, ఇంటికొచ్చాక స్టీలు డబ్బాలో కాకుండా జాడీలో పొయ్యండి.